తల ఊడని రాక్షసుడు

భగవంతుణ్ణి తలచుకోకుండా నేను ఏ పనీ మొదలుపెట్టను. రాక్షసుడి గొంతుతో అరవవలసిన పనికైనా అదే నియమం. టీవీ స్టూడియోలో నాకు కేటాయించిన స్థానం ఒక గోడ అలమర. అంతకుముందు అందులో చీపుళ్ళు ఉండేవి. వాటిని బయటపెట్టి నన్ను లోపల పెట్టారు. ఒక స్టూలు, ఒక మైకు, అరచెయ్యంత టీవీ తెర, ఒక ఇనుప బకెట్టు నా పరికరాలు. కళ్ళు మూసుకొని నామస్మరణ చేసుకొని, బకెట్టులో తల దూర్చి, "భూలోక కీటకములారా!" అని గర్జించేవాణ్ణి. సర్వాంతర్యామి అని చిన్ననాటినుండీ చదువుకున్నాను కనుక, ఆయన బకెట్టులో కూడా ఉంటాడన్నదే నా ధైర్యం. ధర్మశాస్త్రం చదివినవాడికి ఈ అరుపులేమిటని మిత్రులు దెప్పితే నేను చెప్పిన సమాధానం ఒకటే. మన పురాణాలలో దేవతలు వరాలిచ్చి ఊరుకుంటారు. మంచి సంభాషణలన్నీ రాక్షసులవే.

ఆ సీరియల్‌లో ఒక అంతరిక్షనౌక వారానికొక గ్రహం మీద దిగేది. ఏ గ్రహానికి వెళ్ళినా అవే అట్టకొండలు. ఒక వారం ఎడమవైపు, మరొక వారం కుడివైపు. నౌక తలుపులు వాటంతట అవే తెరుచుకొనేవి. అటొకరు ఇటొకరు నక్కి కూర్చొని తాళ్ళు లాగడమే అందులోని విజ్ఞానశాస్త్రం. తాడు లాగేవారిలో ఒకరికి తుమ్ము వస్తే ఆ వారం నౌకకు ఒక రెక్క తలుపే తెరుచుకొనేది. కెప్టెన్ పక్కకు తిరిగి బయటికి వచ్చేవాడు. పిల్లలకు ఇవేవీ పట్టలేదు. వాళ్ళకు కావలసినవాడు నీలగ్రహాధిపతి.

ఆ నీలగ్రహాధిపతికి గొంతు నాది, శరీరం పొడుగాయనది, చర్మం దర్జీ అమ్మది. పొడుగాయన ఏ గుమ్మం దగ్గరైనా వంగి తీరవలసిన మనిషి. దర్జీ అమ్మ ఆయన భార్య, నా తమ్ముడి కూతురు. స్టూడియోలో దుస్తుల గది ఆమెది. మా పెదనాన్న పద్యం ఎత్తుకుంటే వీధి చివర పడుకున్నవాడు లేచి కూర్చుంటాడని చెప్పి నన్ను ఆ అలమరలోకి చేర్చిన పుణ్యాత్మురాలు ఆమెయే.

నీలం రబ్బరు షీట్లు, పాత సోఫాలనుండి ఊడదీసిన దళసరి గుడ్డ కలిపి ఆమె కుట్టిన ఆ చర్మానికి గుండీలు లేవు, జిప్పు లేదు. జిప్పు కనబడితే పిల్లలు ఉత్తరాలు రాస్తారు. అందుచేత ప్రతి రికార్డింగ్‌కూ పొడుగాయన అందులోకి దిగిన తరువాత ఆమె వీపు కుట్టేది. ఆ పైన గుమ్మడికాయంత నీలం తలను తొడిగి మెడ చుట్టూ కుట్టేది. పని అయ్యాక కత్తెరతో విప్పి మొగుణ్ణి బయటికి తీసేది. తొలిరోజుల్లో రిహార్సల్ నడుస్తుండగా ఆ తల ఊడి కెప్టెన్ కాలి మీద పడింది. కెప్టెన్ చాలాకాలం కుంటుతూ నడిచాడు, కొంత నొప్పికి, కొంత పరువుకు. నాటినుండి మెడకుట్టు రెట్టింపు దారంతో, చివర తల్లి నేర్పిన ముడితో పడేది. ఆ ముడికి కత్తెర తప్ప మరొక మోక్షం లేదు.

ఆ తల్లి, అనగా మా మరదలు, కూతురి ఇంట్లోనే ఉండేది. ఒకప్పుడు పేరుమోసిన కుట్టుపనిమనిషి. ఇప్పుడు చూపు దగ్గరిది బాగానే ఉంది గాని, నమ్మకం మాత్రం దేనిమీదా లేదు. ముఖ్యంగా అల్లుడి ఉద్యోగం మీద లేదు. సీరియల్ చివర పేర్లు పడేవి. నీలగ్రహాధిపతి పక్కన ఏ పేరూ లేకుండా ఒక ప్రశ్నార్థకం పడేది. లోపలున్నది మనిషి అని పిల్లలకు తెలియకూడదని పైవారి ఆజ్ఞ.

"చూశారా బావగారూ, కెప్టెన్ పేరేశారు. కెప్టెన్ వెనకాల ట్రే పట్టుకున్నవాడి పేరేశారు. ఆ దెయ్యం దగ్గర ప్రశ్నార్థకం వేశారు. మా ఇంట్లో కూర్చున్నదీ అదే" అనేది మరదలు.

"అమ్మా, లోపలున్నది ఈయనేనే. నేనే కదా కుడుతున్నా!" అనేది కూతురు.

"నువ్వు కుడతావని నమ్మానే. నీ చెయ్యి నాకు తెలీదా? ఆ మనిషి అక్కడ నేల తుడుస్తాడో, తాడు లాగుతాడో! మొగుడి పరువు కోసం నువ్వు నాకు కథలు చెబుతున్నావు."

ఆ మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చొని వినేవాడు. పెళ్ళైన నాటినుండి ఆమె ఆయనను అల్లుడని పిలవలేదు. "ఆ మనిషికి టీ కావాలేమో అడుగు" అనేది, ఆ మనిషి మోకాలు తన మోకాలికి తగులుతున్నా సరే.

ఒకనాడు నేను కల్పించుకొని, ఆ గొంతు నాదేనమ్మా అన్నాను.

"ఏదీ, అనండి చూద్దాం."

బకెట్టు లేకుండా అన్నాను. ఆమె జాలిపడి, "జలుబు చేసినట్టుంది బావగారూ. వేణ్ణీళ్ళు తాగండి. ఈ వయసులో మీరు కూడా వాళ్ళతో కలిసి నాటకాలేమిటి?" అంది. సత్యవ్రతాన్ని ఇంతకాలం పాటించినందుకు దక్కిన ఫలం అది.

పొడుగాయన పైకి నవ్వేవాడు. కాని ఒకనాడు స్టూడియో మెట్ల మీద నాతో, "మావయ్యగారూ, పిల్లలు వీధిలో నాలాగే నడుస్తూ ఆడుకుంటున్నారండీ. వాళ్ళ పక్కనించే నడిచి ఇంటికెళతా. ఒక్కడూ నావైపు చూడడు. ఇంట్లో అత్తయ్యగారు కూడా చూడరు" అన్నాడు. ఆ మనిషికి సంపదా అక్కర లేదు, సన్మానమూ అక్కర లేదు. అత్తగారి నోట అల్లుడన్న మాట ఒక్కటి కావాలి.

అటువంటి సమయంలో కెప్టెన్ పోరు మొదలయింది. అభిమానుల ఉత్తరాలు నీలగ్రహాధిపతికి బస్తాలలో వచ్చేవి, కెప్టెన్‌కు కవర్లలో వచ్చేవి. ఆ కవర్లలోనూ సగం, నీలగ్రహాధిపతికి నమస్కారాలు చెప్పమని. రాక్షసుణ్ణి చంపితే తప్ప నౌక ఎక్కనని కెప్టెన్ భీష్మించుకొని కూర్చున్నాడు. దర్శకుడికి మా మధ్య పేరు ఉరుము. ఆయన అరవడమే గాని కురవడం ఎన్నడూ చూడలేదు. ఆయన పొడుగాయనను పిలిచి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"నిన్ను చంపాలయ్యా."

"చంపండి సార్. కానీ మొహం చూపించి చంపండి."

"మొహం చూపిస్తే మళ్ళీ బతికించడం కుదరదు. తల ఊడకుండా చస్తే ఎప్పుడో ఒకప్పుడు ఏదో గుహలోంచి లేపుకొస్తాను. మనిషివని తెలిశాక నీకిక్కడ పనుండదు, ఆలోచించుకో."

"ఆలోచించే వచ్చాను సార్."

"ఎందుకయ్యా నీకీ పిచ్చి?"

"మా అత్తగారు టీవీ చూస్తారండి."

దర్శకుడికీ ఒక అత్తగారు ఉంది. ఆయన రచయితను పిలిచి, చావు మార్చి రాయమన్నాడు. కెప్టెన్ తన తుపాకీతో కాలుస్తాడు; రాక్షసుడు మోకరిల్లుతాడు; కెప్టెన్ ఆ నీలం తలను రెండు చేతులతో పైకెత్తుతాడు; కింద మనిషి ముఖం. ఆ ముఖం తన సొంత గొంతుతో, "నేనూ నీలాంటి మనిషినే" అని పలికి ఒరిగిపోతుంది. వేదాంతం దండిగా కుదిరిందని రచయిత మురిసిపోయాడు. ఆ ముఖం తెర మీద ఎంతసేపు ఉంటుందని కెప్టెన్ మూడుసార్లు అడిగాడు.

ఇంట్లో పొడుగాయన ఆ మాట చెప్పనే చెప్పాడు. "అత్తయ్యగారూ, ఈ వారం తప్పకుండా చూడండి. మొహం కనబడుతుంది."

"కనబడితే చూస్తానని చెప్పవే ఆ మనిషికి" అని ఆమె, ఆ సాయంత్రానికి పక్క వాటాలవాళ్ళందరినీ సాక్ష్యానికి పిలిచింది.

రికార్డింగ్ నాడు దుస్తుల గదిలో నేను కూడా ఉన్నాను. వీపు మామూలుగానే కుట్టాలి. మెడ దగ్గర మాత్రం లాగితే ఊడివచ్చే కచ్చాకుట్లు నాలుగు చాలు. ఇది దర్శకుడు ఆమెకు చెప్పాడు, ఆమె భర్తకు చెప్పింది, భర్త నాకు చెప్పాడు, ముగ్గురం కలిసి దేవుడికి చెప్పుకున్నాం. పొడుగాయన నున్నగా గడ్డం గీసుకొని, తల దువ్వుకొని, పౌడరు వేసుకొని పెళ్ళికొడుకులా వచ్చాడు. ఆమె ఆ ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నీలం తల తొడిగి, సూదిలో దారం ఎక్కించింది.

"ఏదీ, మాట చెప్పండి."

"నేనూ నీలాంటి మనిషినే" అని నీలం తలలోంచి వినవచ్చింది.

"అలా కాదండీ, అప్పు అడుగుతున్నట్టుంది. చచ్చిపోతున్నారు కదా, కాస్త నీరసంగా."

"నేనూ... నీలాంటి..."

"మరీ అంత నీరసం కాదు, మా అమ్మకి వినబడాలి. దర్జాగా చావండి."

ఆమె ధ్యాస అంతా ఆ మాట మీదనే. ఆయన ఆ మూడు ముక్కలనూ నలభై రకాలుగా పలికాడు, ఆమె ప్రతిసారీ దిద్దింది. ఈలోగా ఆమె చేతులు తమ పని తాము చేసుకుపోతూనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒకే కుట్టు వేసిన ఆ చేతులకు ఈనాటి కథ మారిందని ఎవరూ చెప్పలేదు. దారం రెట్టింపైంది. మెడ చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తయింది. తల్లి నేర్పిన ముడి పడింది. ఆమె పళ్ళతో దారం కొరికి, "వెళ్ళిరండి" అంది. నేను చూస్తూనే ఉన్నాను. నాకు కుట్టుకీ కుట్టుకీ భేదం తెలిస్తే కదా.

ఆ రోజుల్లో రికార్డింగ్ అంటే ఒక్క ఊపున సాగవలసిందే. టేపు కోయాలంటే పై అధికారి సంతకం కావాలి. సంతకం కావాలంటే ఆయన మేలుకొని ఉండాలి. పైగా గడియారం ఏడు కొట్టగానే దీపాలవాళ్ళు ఎవరు బతికి ఉన్నారో ఎవరు చచ్చారో చూడకుండా దీపాలు ఆర్పి ఇళ్ళకు వెళ్ళేవారు. యముడైనా ఒకటి రెండు సందర్భాలలో గడువు పొడిగించాడని విన్నాను గాని, వాళ్ళు ఎన్నడూ పొడిగించలేదు. ఆనాడు ఒక తలుపు ఇరుక్కుపోవడం వల్ల రాక్షసుడి చావు ఏడు గంటల అంచుకు జరిగింది.

కెప్టెన్ కాల్చాడు. రాక్షసుడు మోకరిల్లాడు. "బయటికి వచ్చే తలను దగ్గరగా చూపించు, ఏం జరిగినా కెమెరా కదపకు" అని కెమెరామన్‌కు ముందే ఆదేశం. అతడు మెడ అంచున కాచుకొని ఉన్నాడు. కెప్టెన్ గంభీరంగా రెండు చేతులూ చాచి తలను పట్టుకొని ఎత్తాడు.

తల రాలేదు. రాక్షసుడు వచ్చాడు.

కెప్టెన్ మళ్ళీ ఎత్తాడు. రాక్షసుడు మళ్ళీ లేచి మళ్ళీ మోకరిల్లాడు. మూడోసారి కెప్టెన్ ఒక పాదాన్ని రాక్షసుడి భుజం మీద మోపి, నూతిలోంచి బొక్కెన తోడుతున్నట్టు లాగాడు. లోపలినుండి "నేనూ నీలాంటి" అన్నది గుడ్డలమూటలో పిల్లి కూతలా వినిపించింది. అలమరలోని నా చిన్న తెర మీద మెడ తప్ప మరేమీ లేదు. రెట్టింపు దారం బిగిసి, ఒక్కొక్క కుట్టూ ముత్యాల వరుసలా మెరుస్తున్నది. అప్పుడు దర్జీ అమ్మకు తన చేతులు చేసిన పని అర్థమయింది. సెట్టు పక్కనుండి, "అయ్యో నా చేతులు పడిపోను!" అన్న కేక వినబడింది.

దర్శకుడి ఆదేశాలు వినడానికి పెట్టుకున్న నా చెవి గొట్టంలో ఉరుము ఉరిమింది. "పెద్దాయనా! ఏదో ఒకటి మాట్లాడండి! ఏదైనా సరే, మాట్లాడండి!"

ఏదైనా మాట్లాడమంటే నాకు వచ్చేది పద్యమే. ఇష్టదైవాన్ని తలచుకొని బకెట్టులో తల దూర్చాను. ఆటవెలది దానంతట అదే వచ్చింది.

"తలను లాగుచున్న ధన్యవీర! వినుము
తలయె కాదు నాకు తనువు గూడ
గట్టి దారమునను గట్టినాడు విధాత
లాగబోకుమయ్య! లాభమేమి?"

కెప్టెన్ జుట్టు సంగతి స్టూడియోలో అందరికీ తెలుసు. తెలుసునని ఎవరూ ఒప్పుకోరు. ప్రతి ఉదయం ఆ నల్లని ఉంగరాల జుట్టు ఒక పెట్టెలో వచ్చేది, బంకతో శిరస్సును అధిష్ఠించేది. పద్యం మూడో పాదంలో ఉండగా పొడుగాయన, పాపం, తన తల తానే లాక్కొని సాయపడదామని గోళ్ళ చేతులు పైకెత్తి గాలిలో వెతికాడు. లోపలినుండి ఏమీ కనబడదు. ఏదో తల దొరికింది. లాగాడు.

"లాభమేమి" అన్న చోటికి ఆ నల్లని ఉంగరాల జుట్టు రాక్షసుడి గోళ్ళకు వేలాడుతున్నది.

బయటికి వచ్చిన తలను దగ్గరగా చూపించమన్నారు కదా. కెమెరామన్ ఆజ్ఞాబద్ధుడు. నున్నగా, నిండు చంద్రబింబంలా, కెప్టెన్ శిరస్సు తెరనిండా ఉదయించింది. గడియారం ఏడు కొట్టింది. దీపాలు ఆరిపోయాయి.

దుస్తుల గదిలో ఆమె కత్తెరతో ముడి విప్పుతూ ఏడుస్తున్నది. ఏడుపులో కత్తెర మెడకు తగులుతుందేమోనని పొడుగాయన లోపల కదలకుండా కూర్చున్నాడు. తల ఊడివచ్చాక చూస్తే పౌడరంతా చెమటకు కాలువలు కట్టింది.

"ఇన్నేళ్ళకి మీ మొహం కనబడే రోజు వస్తే నా చేత్తో నేనే మూసేశానండీ."

ఆయన అరచేత్తో ఆ చెమట తుడుచుకున్నాడు. చివరికి, "మాట బాగా వచ్చిందే ఈసారి. దర్జాగా వచ్చింది. లోపల నేనొక్కణ్ణే విన్నాను" అన్నాడు. ఆ మాటకు నేను బకెట్టు సర్దాలంటూ అలమర వైపు నడిచాను. బకెట్టు సర్దవలసిన అవసరం ఏమీ లేదు.

టేపు కోయించమని కెప్టెన్ పై అధికారి గది ముందు బైఠాయించాడు. అధికారి లేచాడు, చూశాడు, నవ్వడానికి తలుపు వేసుకున్నాడు, సంతకం పెట్టకుండానే మళ్ళీ పడుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు ప్రసారమవుతుందని తేలిపోయింది.

ప్రసారం రోజు సాయంత్రం పొడుగాయన ఇంటి ముందుగది నిండిపోయింది. పక్క వాటాలవాళ్ళు కుర్చీలు తెచ్చుకొని మరీ వచ్చారు. మరదలు టీవీకి ఎదురుగా, సోఫా మధ్యలో, తీర్పు చెప్పే ఆసనంలో కూర్చుంది. పొడుగాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు, వెంటనే బయటికి వెళ్ళిపోవడానికి వీలుగా. కూతురు వంటగదిలోంచి బయటికే రాలేదు.

కెప్టెన్ కాల్చాడు. తల పట్టుకున్నాడు. లాగాడు.

"మొహం రాదేమండీ?" అన్నారు ఎవరో.

"వస్తుంది వస్తుంది, ప్రశ్నార్థకం వస్తుంది" అని మరదలు మొదలుపెట్టి, మాట మధ్యలో ఆపేసింది. లేచింది. కళ్ళజోడు సవరించుకుంటూ టీవీ దగ్గరికి వెళ్ళి, ముక్కు గాజుకు తగిలేటంతగా వంగింది. వెనకవాళ్ళకు తెర మీద ఆమె జుట్టుముడి తప్ప ఏమీ కనబడలేదు.

"వదినగారూ, కాస్త పక్కకి జరగండి!"

"ఉండండర్రా! ఆ ముడి చూడండి, ఆ ముడి! అది నాది! దానికి నేర్పడానికి వేళ్ళ మీద కొట్టాను. చివర దారం వెనక్కి తిప్పి రెండుసార్లు వేసే మనిషి నేను తప్ప అది ఒక్కత్తే!"

ముడి మీ అమ్మాయిదని మీకు ముందే తెలుసుగా అని నేను గుర్తుచేశాను.

"ముడి దానిదని తెలుసు బావగారూ. కుట్టు ఎలా వేసిందో చూడండి. మెడ చుట్టూ లోపల వేలు పెట్టుకుని కుట్టింది, సూది లోపలి మనిషికి గుచ్చుకోకుండా. ఒక్కో కుట్టుకీ ఒక వేలెడు జాగా వదిలింది. చూడండి ఆ వరస! పరాయివాడికి అలా కుడతారా ఎవరైనా? కూలికి కుట్టేదైతే టకటకా లాగేసేది. నేను మా ఆయన చొక్కా మెడ ఒంటిమీద ఉండగా బిగించినప్పుడు మాత్రమే అలా వేశాను." ఆమె కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుంది. వెంటనే మళ్ళీ పెట్టుకుంది. "ఆ దరిద్రుడెవడు, వదలడేం? కుట్టు పాడైపోతుంది! ఒరేయ్, వదలరా!"

అదే క్షణంలో కెప్టెన్ జుట్టు ఊడింది. గదంతా పగలబడి నవ్వింది. మరదలు నవ్వలేదు. "బాగా అయింది" అని మాత్రం అని, గుమ్మం వైపు తిరిగింది.

పొడుగాయన అలవాటు ప్రకారం తల వంచుకొని నిలబడ్డాడు.

"అల్లుడుగారూ!" అంది.

ఆ మాట ఎవరినో అనుకొని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక మెట్లు తప్ప ఎవరూ లేరు.

"మిమ్మల్నేనండీ. ఇంతకాలం ఆ గోనెసంచిలో ఊపిరెలా ఆడిందండీ మీకు? అలా గుమ్మంలో నిలబడ్డారేం, వచ్చి కూర్చోండి. ఏమే, అల్లుడుగారికి టీ తీసుకురా!"

వంటగదిలో ఏదో గిన్నె చేజారింది. పొడుగాయన వచ్చి సోఫాలో ఆమె పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అనవలసినదంతా ఆమె అంటూనే ఉంది, పక్క వాటాలవాళ్ళతో, ఒక్కొక్కరిని పేరుపేరునా పిలిచి.

తల ఊడలేదు కనుక రాక్షసుడు చావలేదు. పిల్లల ఉత్తరాలు ఈసారి లారీలో వచ్చాయి. కెప్టెన్‌కు కూడా ఒక బస్తా వచ్చింది, ఆ నున్నని తలతోనే కనబడమని. ఆయన నాలుగు రోజులు అలిగి, అయిదోనాడు జుట్టుపెట్టె లేకుండా వచ్చాడు. ఉరుము మంచి ఉత్సాహంలో పొడుగాయనను పిలిపించాడు.

"జరిగింది జరిగింది. నీ మొహం నీకు బాకీ ఉన్నానయ్యా. వచ్చే నెల మళ్ళీ పెడదాం, ఈసారి కచ్చాకుట్టు నేనే దగ్గరుండి వేయిస్తాను."

పొడుగాయన జేబులోంచి ఒక దారపు ఉండ తీసి బల్ల మీద పెట్టాడు. చెప్పులు కుట్టే దారంలా దళసరిగా ఉంది, మైనం పూసి ఉంది.

"ఏమిటిది?"

"ఇకమీద మెడకి దీంతోనే కుట్టమని మా అత్తగారు ఇచ్చారండి. ఎవడొచ్చి లాగినా రాదట." అని ఆయన దానిని మళ్ళీ జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. "మొహం వద్దులెండి సార్. ఆవిడ ఒప్పుకోరు."